బరువు పక్కకు నెడితే: గోథిక్ కేథడ్రళ్ల కట్టడ విద్య ఎలా ఎదిగింది?

సంక్షిప్తంగా: మధ్యయుగ ఐరోపాలో కేథడ్రళ్లు, అంటే బిషప్‌ల ప్రధాన చర్చిలు, కట్టిన గోథిక్ శైలి 1140 ప్రాంతంలో పారిస్ చుట్టుపక్కల మొదలై, నూరేళ్లలోపే పతాకస్థాయికి చేరింది. ఎత్తైన రాతి కప్పు గోడలను బయటికి నెడుతుంది. కోసు (మొనదేలిన) కమాను, రిబ్బులు (కప్పు కింద పక్కటెముకల్లా సాగే సన్నని రాతి కమానులు), ఫ్లయింగ్ బట్రెస్ (గోడ బయటి ఆసరా కమాను) ఆ ఒక్క చిక్కుకే విడతలవారీగా దొరికిన జవాబులు. ఆ బలానికి దారి సరిగ్గా చూపిన చోట కట్టడం ఎనిమిది వందల ఏళ్లు నిలిచింది, దారి తప్పిన చోట పన్నెండేళ్లకే కూలింది.

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లోని నోట్రడామ్ కేథడ్రల్ తగలబడింది. పైనున్న ఓక్ దూలాల చట్రమంతా బూడిదైంది. 1859లో నిలబెట్టిన శిఖరం విరిగి, కిందున్న రాతి కప్పును చీల్చుకుంటూ పడింది. అయినా ఆ రాతి కప్పులో ఎక్కువ భాగం చెక్కుచెదరలేదు. 2024 డిసెంబరులో కేథడ్రల్ మళ్లీ తెరుచుకున్నప్పటి నుంచి ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది: పైకప్పు మొత్తం పోయాక లోపలి కప్పు ఎలా మిగిలింది?

అక్కడ కప్పులు రెండు కావడమే ఇందుకు కారణం. బయటికి కనిపించేది కర్ర చట్రం మీద సీసపు రేకులు పరిచిన ఏటవాలు కప్పు. వాన, మంచు దాని మీద పడతాయి. లోపల తలెత్తి చూస్తే కనిపించేది రాతి కమానుల కప్పు. రెండింటికీ మధ్య మనిషి నిలబడి నడవగలిగేంత ఖాళీ ఉంటుంది. రాతి కప్పు కట్టడానికి ఒక ముఖ్యకారణం నిప్పే. పిడుగో కొవ్వొత్తో అంటుకుని కర్ర కప్పులు కాలిపోవడం మధ్యయుగ ఐరోపాలో మామూలు విషయం. ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కేథడ్రల్ 1194లో, ఇంగ్లండ్‌లోని కాంటర్బరీ తూర్పు భాగం 1174లో మంటలపాలయ్యాయి. 2019లో నోట్రడామ్ రాతి కప్పు తనను ఏ పనికి కట్టారో ఆ పనే చేసింది.

### నిచ్చెన కాలు జారినట్టు

గోడకు నిచ్చెన ఆనిస్తే దాని కాలు వెనక్కి జారాలని చూస్తుంది. కమాను కూడా అంతే. దాని బరువు నేరుగా కిందికి దిగదు, రెండు పాదాలనూ పక్కలకు తోస్తుంది. గోథిక్‌కు ముందున్న రోమనెస్క్ కట్టడాలు ఈ తోపుడును మందంతోనే ఎదుర్కొన్నాయి: లావు గోడలు, చిన్న కిటికీలు, చీకటి శాల. సొరంగంలాంటి అర్ధవృత్తపు కప్పు తన పొడవునా గోడను నెడుతూనే ఉంటుంది కాబట్టి ఎక్కడ కిటికీ తెరిచినా అక్కడ గోడ బలం తగ్గుతుంది.

సాధారణంగా పొరపడేది ఇక్కడే. ఎత్తు పెరిగితే కింది రాయి నలిగిపోతుందని అనుకుంటారు. మధ్యరకం ఇసుకరాయితో నిటారుగా స్తంభం కడితే, తన బరువుకే అడుగురాయి నలగాలంటే దాని ఎత్తు దాదాపు 2 కిలోమీటర్లు ఉండాలి. కేథడ్రళ్లలో ఎత్తైన రాతి కప్పు 50 మీటర్లు కూడా దాటలేదు. అంటే రాయి బలం ఎప్పుడూ హద్దుకు రాలేదు. ప్రమాదం ఒరగడంలో ఉంది. రాతికట్టు నొక్కుడును భరిస్తుంది, లాగుడును భరించలేదు. బరువు ప్రవహించే గీత కమాను మందం లోపలే, ఆ తర్వాత స్తంభం మందం లోపలే నడిచి పునాదికి చేరాలి. ఆ గీత రాయి అంచును తాకిన చోట అతుకు తెరుచుకుని కీలులా తిరుగుతుంది. అలాంటి కీళ్లు సరిపడినన్ని ఏర్పడితే కమాను మడతపడి కూలుతుంది.

ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లో దీనికి ఒక తేలిక కొలమానం చూపాడు. వేలాడే గొలుసు తీసుకునే వంపును తలకిందులు చేస్తే, నిలబడే కమానుకు తగిన వంపు వస్తుంది. గోథిక్ మేస్త్రీలకు ఈ సూత్రం తెలియదు, కానీ వాళ్ల చేతులు దానికి దగ్గరగానే వెళ్లాయి.

### కోసు కమాను తెచ్చిన స్వేచ్ఛ

మొనదేలిన కమాను గోథిక్ వాళ్ల ఆవిష్కరణ కాదు. ఇస్లామిక్ కట్టడాల్లో అది శతాబ్దాల ముందే ఉంది, ఫ్రాన్స్‌లోని రోమనెస్క్ చర్చిల్లోనూ ఉంది. ఇంగ్లండ్‌లో 1093లో మొదలైన డరమ్ కేథడ్రల్‌లో రిబ్బుల కప్పు వచ్చేసింది. పారిస్ ప్రాంతపు మేస్త్రీల గొప్పతనం ఈ రెండింటినీ ఒకే పద్ధతిలోకి జతచేయడం.

ఎందుకు జతచేశారో ఒక అంకణం (నాలుగు స్తంభాల మధ్య చోటు) కొలతలతో చూస్తే తేలిపోతుంది. 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉన్న అంకణానికి కప్పు వేయాలి. అర్ధవృత్తం ఎత్తు ఎప్పుడూ దాని వెడల్పులో సగమే. అప్పుడు 12 మీటర్ల వైపు కమాను 6 మీటర్లు, 6 మీటర్ల పొట్టి వైపు కమాను 3 మీటర్లు, మూల నుంచి మూలకు వెళ్లే కమాను 6.7 మీటర్లు లేస్తాయి. మూడు నెత్తులూ మూడు ఎత్తుల్లో ఉంటే కప్పు గుంటలు మిట్టలుగా వస్తుంది, పొట్టి వైపు కిటికీకి చోటు పోతుంది. అందుకే పాతవాళ్లు చదరపు అంకణాలకే కట్టుబడ్డారు. కోసు కమానుకు ఆ ఇబ్బంది లేదు. వృత్తకేంద్రాలను జరిపితే ఏ వెడల్పుకైనా కావలసిన ఎత్తు వస్తుంది. 6 మీటర్ల వైపున 9 మీటర్ల వ్యాసార్ధంతో రెండు చాపాలు గీస్తే అవి 6.7 మీటర్ల ఎత్తులో కలుస్తాయి. నెత్తులన్నీ సమానమై, కిటికీ కప్పు దాకా లేవగలుగుతుంది.

తోపుడు కూడా తగ్గుతుంది. ఒకే వెడల్పు, ఒకే బరువు అనుకుంటే పక్కతోపుడు కమాను ఎత్తుకు విలోమంగా మారుతుంది. 12 మీటర్ల అర్ధవృత్తం బదులు, సమబాహు త్రిభుజం మీద గీసిన కోసు కమాను వేస్తే ఎత్తు 6 నుంచి 10.4 మీటర్లకు పెరుగుతుంది. ముతక లెక్కన తోపుడు ఐదింట రెండు వంతులు తగ్గుతుంది. పొడవు పెరిగిన కమాను బరువు కూడా కొంత పెరుగుతుంది కాబట్టి నిజంగా మిగిలే లాభం ఇంతకంటే తక్కువే. తోపుడు మాత్రం పూర్తిగా మాయం కాదు. ఆ సంగతి ఇటలీలోని మిలాన్ కేథడ్రల్ దగ్గర మళ్లీ వస్తుంది.

### రిబ్బులు, సెంట్రింగ్, జానెడు మందం కప్పు

కప్పు కట్టే వరస ఇలా ఉండేది. ముందు గోడలు, వాటి మీద కర్ర చట్రం, దాని మీద సీసపు కప్పు. ఆ నీడలో, వాన తగలకుండా, రాతి కప్పు పని మొదలయ్యేది. కమాను పాదాల దగ్గరి వరసలను గోడలో కలిపి అడ్డంగానే పేర్చి, ఒక్కో రాయినీ కొంచెం ముందుకు చాచేవారు. అక్కడిదాకా సెంట్రింగ్, అంటే రాళ్లను కింది నుంచి మోసే తాత్కాలిక చట్రం, అక్కర్లేదు, పైగా కప్పు విస్తారంలో కొంత భాగం అక్కడే తగ్గిపోతుంది. ఆపైన కర్ర సెంట్రింగ్ కొట్టి రిబ్బుల రాళ్లు పేర్చేవారు. మూలరిబ్బులు కలిసే నడినెత్తిన బరువైన కీస్టోన్ దించితే చట్రం పూర్తయినట్టు.

తర్వాత రిబ్బుల మధ్య పలుచని రాతి పొరలు. వీటికి పూర్తి సెంట్రింగ్ వద్దు, ఒక రిబ్బు నుంచి ఇంకో రిబ్బుకు ఆనే తేలిక చెక్క ఉంటే చాలు. ఒక అంకణం ముగిశాక అదే సెంట్రింగ్‌ను పక్క అంకణానికి జరిపేవారు. కలప పిరమైన చోట ఇది పెద్ద పొదుపు. పొర మందం చాలా చోట్ల జానెడుకు అటూ ఇటూ మాత్రమే. కప్పు పాదాల దగ్గర వెనకవైపు ఏర్పడే గరాటులాంటి లోతులో రాతి బేడు, సున్నం పోసి నింపేవారు. ఈ నింపుడు లేకపోతే బరువు గీత గోడను సరైన చోట తాకదు. కప్పు పైన ఖాళీగా ఉన్న చోటును ఏదో చెత్తతో నింపారని చూసేవాళ్లకు అనిపించవచ్చు, కానీ అది కట్టడంలో అవసరమైన భాగం.

సున్నపు గార గట్టిపడడానికి నెలలు, లావు గోడల్లో ఏళ్లు పడుతుంది. సెంట్రింగ్ తొందరగా విప్పితే అతుకులు దిగబడి కమాను ఆకారం మారుతుంది. మరీ ఆలస్యం చేస్తే గార బిగిసి, తర్వాత గోడ కదిలినప్పుడు సర్దుకోలేక పగులుతుంది.

రిబ్బులు నిజంగా బరువు మోస్తాయా? 19వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి వియొలే-ల-ద్యూక్ అవే కట్టడానికి ఎముకలన్నాడు. 1930లలో ఫ్రాన్స్‌కే చెందిన పోల్ అబ్రహాం దాన్ని గట్టిగా ఖండించాడు. యుద్ధాల్లో బాంబులు పడ్డ చర్చిల్లో రెండూ కనిపించాయి: రిబ్బులు ఊడినా పొర నిలిచిన చోట్లు, పొర రాలినా రిబ్బులు నిలిచిన చోట్లు. కట్టేటప్పుడు రిబ్బు తప్పనిసరి, గార బిగిశాక పొర సొంతంగా నిలవగలదు అన్నదే ఆధారాలకు దగ్గరగా ఉన్న మాట. పారిస్ దగ్గరి సాన్ దనీ మఠాధిపతి సూజే తాను కట్టించిన చర్చి గురించి రాసినదాంట్లోనూ ఒక ఆనవాలుంది. పొరలు ఇంకా వేయని కమానులు ఒంటరిగా నిలబడి ఉండగా పెనుగాలి వచ్చింది, అవి వణికాయి గానీ పడలేదు. 1144లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి తూర్పు భాగాన్నే గోథిక్‌కు తొలి అడుగుగా చెబుతారు.

### గోడ బయట నిలబడిన ఆసరా

రిబ్బుల కప్పు తోపుడును గోడ పొడవునా పరచకుండా అంకణం మూలలకు తెచ్చి పోస్తుంది. దాంతో ఆసరా ఆ మూలల్లోనే చాలు. కానీ నడిమిశాల గోడకు రెండు పక్కలా తక్కువ ఎత్తు నడవలుంటాయి. వాటి మీదుగా ఆసరాను ఎలా అందించాలి? మొదట నడవల పైన ఇంకో అంతస్తు కట్టి దాన్నే ఆసరాగా వాడారు. ఫ్రాన్స్‌లోని లాన్ కేథడ్రల్ నాలుగు వరసల గోడ అలా వచ్చిందే: కింద కమానులు, పైన గ్యాలరీ, ఆపైన గోడలోనే సన్నని నడకదారి, చివర కిటికీలు. బలం సరిపోయింది, వెలుతురు సరిపోలేదు.

ఫ్లయింగ్ బట్రెస్ ఆ గ్యాలరీ అవసరాన్ని తీసేసింది. ఇది గోడకు ఆనిన సగం కమాను. నడవల కప్పు మీదుగా గాలిలో దాటి, బయట నేల నుంచి లేచిన బలమైన ఆసరా స్తంభానికి తోపుడును అప్పగిస్తుంది. చాలా చోట్ల ఒకదానిపై ఒకటిగా రెండు ఉంటాయి. కిందిది రాతి కప్పు తోపుడును అందుకుంటుంది. పైది ఏటవాలు కప్పు మీద కొట్టే గాలిని ఎదుర్కొంటుంది. కొన్నింటి వీపున కాలువ తొలిచి, కప్పు మీది వాననీటిని గార్గాయిల్ (వింత జంతువు రూపంలో చెక్కిన రాతి తూము) నోటి నుంచి గోడకు దూరంగా చిమ్మేలా చేశారు. ఆసరా స్తంభం నెత్తిన ఉండే మొనశిఖరం అలంకారంగానే కనిపిస్తుంది, కానీ దాని బరువు పైరాళ్లు జారిపోకుండా అదిమిపెడుతుంది.

దీన్ని ఎంత ఎత్తులో ఆనించాలన్నది అసలు కిటుకు. ఫ్రాన్స్‌లోని ఆమియాన్ కేథడ్రల్ తూర్పు భాగంలో మొదట వేసిన ఆసరాలు తోపుడు తగిలే చోటుకంటే పైన పడ్డాయి. గోడ మధ్యలో బయటికి ఉబ్బింది. తర్వాతి తరాలవాళ్లు కింద రెండో వరస ఆసరాలు కట్టారు. అదీ చాలక 15వ శతాబ్దం చివర్లో కిటికీల కింది నడకదారి మట్టాన ఇనుప గొలుసు బిగించారు. ఎర్రగా కాల్చి అమర్చితే చల్లారుతూ కుదించుకుని బిగుస్తుంది. ఆ గొలుసు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఫ్లయింగ్ బట్రెస్‌కు తనదైన తోపుడు కూడా ఉంది, అది లోపలికి. మామూలుగా కప్పు తోపుడు దాన్ని సరితూస్తుంది. నోట్రడామ్ అగ్నిప్రమాదం తర్వాత నిపుణులు ఆ ఆసరాల కింద కర్ర సెంట్రింగ్ అమర్చడానికి కారణం ఇదే. లోపలి కప్పు ఇంకా కొంత కూలితే ఎదురుబలం పోయి, ఆసరాలే గోడను లోపలికి నెట్టేవి.

### గోడ పోయి అద్దం వచ్చింది

1194 మంటల తర్వాత తిరిగి కట్టిన షార్త్ర్‌లో గ్యాలరీని వదిలేశారు. గోడ మూడు వరసలైంది, పై కిటికీలు కింది కమానులంత ఎత్తుకు లేచాయి. రెండేసి అంకణాలను కలిపి రిబ్బులతో ఆరు భాగాలు చేసే పాత కప్పు పోయి, ఒక్కో అంకణానికి నాలుగు భాగాల కప్పు వచ్చింది. ఆరు భాగాల పద్ధతిలో తోపుడు ఒక స్తంభానికి ఎక్కువ, పక్కదానికి తక్కువ. నాలుగు భాగాల్లో అన్ని స్తంభాలకూ సమానం. తర్వాతి కేథడ్రళ్లు చాలావరకు ఈ నమూనానే పట్టుకున్నాయి. 1163లో మొదలైన నోట్రడామ్ కూడా 13వ శతాబ్దంలో తన కిటికీలను కిందికి పెంచుకుంది.

షార్త్ర్ కిటికీలు చూస్తే రాతిపలకకు రంధ్రాలు తొలిచినట్టుంటాయి. 1211లో మొదలైన ఫ్రాన్స్‌లోని రీమ్స్ కేథడ్రల్‌లో సన్నని రాతికమ్మీలతో జాలి అల్లడం వచ్చింది. రాయి తగ్గి అద్దం పెరిగింది. రంగు అద్దాల ముక్కలను సీసపు పట్టీల్లో బిగించి, పలకలుగా చేసి, గోడలో నాటిన ఇనుప చట్రానికి కట్టేవారు. సీసం మెత్తన. ఇనుము ఆసరా లేకపోతే గాలికి పలక ఉబ్బి, ముక్కలు రాలుతాయి. ఆ ఇనుము తుప్పు పట్టి ఉబ్బినా ప్రమాదమే, చుట్టూ ఉన్న రాయిని పగలగొడుతుంది. పారిస్‌లో 1248లో ప్రతిష్ఠించిన సాంత్ షపెల్ ప్రార్థనాలయంలో గోడ అనదగినది దాదాపు మిగల్లేదు. అక్కడ రాతి వెనక ఇనుప గొలుసులు దాగి ఉన్నాయి. నోట్రడామ్‌లోనూ తొలి దశ నుంచే రాళ్లను కలుపుతూ ఇనుప కొక్కేలు వాడారని 2019 తర్వాతి పరిశోధనల్లో తేలింది. గోథిక్ అంటే రాయి ఒక్కటే అన్న మాట ఇక సరిపోదు.

### బోవే: రెండుసార్లు కూలిన పాఠం

నడిమిశాల కప్పు ఎత్తు నోట్రడామ్‌లో సుమారు 33 మీటర్లు, షార్త్ర్‌లో 37, రీమ్స్‌లో 38, 1220లో మొదలైన ఆమియాన్‌లో 42. ఫ్రాన్స్‌లోనే ఉన్న బోవే కేథడ్రల్‌లో 1225లో పని మొదలుపెట్టి 48 మీటర్లకు వెళ్లారు. తూర్పు భాగం 1272లో పూర్తయింది. 1284లో కప్పు కూలింది.

దీనికి ఒకే కారణం చెప్పి ముగించలేం. స్తంభాల మధ్య దూరం ఎక్కువ. బయటి ఆసరా స్తంభాలు ఎత్తుకు తగ్గ మందం లేనివి. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి అంత ఎత్తులో బలంగా కొడుతుంది, గాలి తగిలిన ప్రతిసారీ ఆసరాల అతుకులు కొద్దికొద్దిగా తెరుచుకుని ఉండాలని ఒక వివరణ. లావు రాతికట్టులో గార ఏళ్ల తరబడి దిగబడుతుండగా, పక్కనే నిలిపిన ఏకశిలా సన్నస్తంభాలు దిగబడవు. బరువంతా వాటి మీదికి మళ్లి అవి విరిగి ఉండాలని ఇంకో వివరణ. కప్పు పూర్తయిన పన్నెండేళ్లకు కూలిందన్న విషయం రెండో వివరణకు బలమిస్తుంది. తప్పుడు జ్యామితి ఉన్న కమాను సెంట్రింగ్ విప్పగానే పడాలి, ఇక్కడేమో ఏదో నిదానంగా మారింది. మరమ్మతు చేసినవాళ్లు స్తంభాల మధ్య కొత్త స్తంభాలు దించి నాలుగు భాగాల కప్పును ఆరు భాగాలుగా మార్చారు. ఆ అతుకు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది.

16వ శతాబ్దంలో అడ్డశాల (నడిమిశాలకు అడ్డంగా వచ్చే భాగం) కట్టారు. పడమటి నడిమిశాల కట్టకుండానే దాని కూడలి మీద 153 మీటర్ల శిఖరం లేపారు. అది 1569లో పూర్తయింది. మూడు వైపులా ఆనుడు ఉంది, పడమట లేదు. కూడలి స్తంభాలు ఆ ఖాళీ వైపే ఒరిగాయి. 1573 ఏప్రిల్ 30న శిఖరం కూలింది. నడిమిశాలను ఎప్పటికీ కట్టలేదు. 20వ శతాబ్దంలో ఆసరాల మధ్య ఉన్న పాత ఇనుప కడ్డీలు అనవసరమని తీసేస్తే కట్టడం గాలికి ఊగడం మొదలైంది, మళ్లీ ఉక్కు కడ్డీలు బిగించాల్సి వచ్చింది.

### బలాల లెక్క లేకుండా ఎలా కట్టారు?

బలాన్ని అంకెల్లో లెక్కించే విద్య అప్పటికి లేదు. ఉన్నది జ్యామితి, నిష్పత్తి, ముందు కట్టినవాటి అనుభవం. మేస్త్రి గచ్చు నేల మీద కమానును అసలు కొలతలో గీసి, దాని మీంచి చెక్క ఫర్మాలు కోయించి రాతి పనివాళ్లకు ఇచ్చేవాడు. ఇంగ్లండ్‌లోని యార్క్, వెల్స్ కేథడ్రళ్లలో ఆ గీతల నేలలు ఇప్పటికీ ఉన్నాయి. చలికాలంలో గార గడ్డకడుతుంది కాబట్టి గోడల నెత్తిన గడ్డి, పేడ కప్పి ఆపేసేవారు. ఆ నెలల్లో రాళ్లు చెక్కే పని సాగేది. బరువులు ఎత్తడానికి మనుషులు లోపల నడిచి తిప్పే తొక్కుడు చక్రాలుండేవి.

ఈ జ్ఞానానికి హద్దు ఎక్కడో మిలాన్‌లో బయటపడింది. 1386లో మొదలైన అక్కడి కేథడ్రల్ ఆసరాలు చాలవని 1400 ప్రాంతంలో ఫ్రెంచి నిపుణుడు జాన్ మిన్యో వాదించాడు. కోసు కమాను ఆసరాలను అసలు నెట్టదని స్థానిక మేస్త్రీలు జవాబిచ్చారు. అది తప్పు. కానీ కట్టడం నిలిచింది. గోడల మందం సరిపోయింది, కమాను పాదాల మధ్య ఇనుప కడ్డీలూ ఉన్నాయి. ఇటలీలో ఫ్లయింగ్ బట్రెస్ అంతగా నాటుకోకపోవడానికి ఈ కడ్డీల అలవాటు ఒక కారణం.

డబ్బు సంగతి క్లుప్తంగా: బిషప్‌లు, మఠాల భూముల రాబడి, భక్తుల కానుకలు, పవిత్ర అవశేషాలను ఊరేగించి పోగుచేసిన విరాళాలు. అవి ఆగితే పని ఆగేది. రీమ్స్‌లో 1233లో పట్టణవాసుల తిరుగుబాటుతో నిర్మాణం నిలిచింది. జర్మనీలోని కొలోన్‌లో 1248లో మొదలైన కేథడ్రల్ మధ్యలో శతాబ్దాలు ఆగి 1880లో ముగిసింది.

### పేరు, వలస, మెదక్

గోథిక్ అన్న పేరు కట్టినవాళ్లు పెట్టింది కాదు. 16వ శతాబ్దపు ఇటలీలో, ముఖ్యంగా చిత్రకారుడు, రచయిత వసారి రాతల్లో, అది అనాగరిక గోథుల పని అనే తిట్టు. 19వ శతాబ్దంలో అభిరుచి మారి అదే శైలి గౌరవంగా తిరిగొచ్చింది, మిషనరీలతో పాటు వలస దేశాలకూ వెళ్లింది. మెదక్ కేథడ్రల్ ఆ రెండో జన్మ బిడ్డ. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914 కరవు కాలంలో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. మొనదేలిన కిటికీలు, రంగు అద్దాలు ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండ్ మీదుగా నడిచొచ్చిన రూపాలు.

ఇలాంటి కట్టడాల మరమ్మతులో నేటికీ ఎక్కువగా జరిగే పొరపాటు సున్నం ఉన్న చోట సిమెంటు కూరడం. సిమెంటు రాయికంటే గట్టిది, నీటిని బయటికి వదలదు. తేమ రాతిలోనే నిలిచి, అతుకు పక్కనున్న రాయి పొరలుగా ఊడుతుంది. సున్నపు అతుకు మాత్రం తాను అరిగి రాయిని కాపాడుతుంది, కొంత కదలికనూ ఇముడ్చుకుంటుంది. పగులు కనిపించగానే పూడ్చేయకుండా దాని మీద కొలత గుర్తులు పెట్టి ఏడాదిపాటు చూడాలి. వేడికి, చలికి తెరుచుకుని మూసుకునే పగులు కట్టడం సర్దుబాటు మాత్రమే. ఒకే దిక్కుకు పెరుగుతూ పోయే పగులైతే పునాదినీ, ఆసరానూ, కప్పు మీద నీరు పోయే దారినీ వెంటనే పరీక్షించాలి.